దువ్వెన కడిగినందుకు ఇరవై రూపాయలు

హాస్టల్ కమిటీ పెట్టిన ఫారం అందరికీ వచ్చే ఉంటుంది. క్యాంపస్ సెలూన్ కాంట్రాక్టు జనవరిలో కొత్తగా రాస్తున్నారు కాబట్టి రేట్ల మీద మన అభిప్రాయం అడిగారు. ఆప్షన్లు రెండే. మొదటిది, కటింగ్ ఇప్పుడున్న 80 రూపాయలే, దానికి తోడు 'హైజీన్ ఛార్జ్' 20, అది కూడా ఇష్టమైతేనే. రెండోది, అందరికీ 100, ఇంకే ఛార్జీ లేదు. మా ఫ్లోర్ గ్రూపులో దాదాపు అందరూ మొదటిదానికే టిక్ పెట్టారు. 'ఆప్షనలే కదా మామా, మనం కట్టం, అయిపోయింది' అని ఒకడు తేల్చేశాడు. నేను రెండోదానికి వేశాను. ఎందుకో గ్రూపులో చెప్దామంటే మూడు లైన్లు దాటితే ఎవడూ చదవడు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చిన్న పని చేయండి. ఆ 'హైజీన్ ఛార్జ్'ని తెలుగులోకి మార్చి షాపు బోర్డు మీద రాసినట్టు ఊహించుకోండి. 'కటింగు 80. శుభ్రతకు 20.' నవ్వొస్తుంది కదా. మరి ఆ 80కి చేసేది మురికి కటింగా? టిఫిన్ సెంటర్ వాడు 'ప్లేటు ఇడ్లీ 30, ప్లేటు కడగాలంటే ఇంకో 5' అని రాస్తే మనం ఆ వీధిలోకే వెళ్ళం. అదే మాట ఇంగ్లీషులో రాస్తే మాత్రం ఏమీ అనం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలోనే చదివినవాడిగా చెప్తున్నా, ఇంగ్లీషు బిల్లుని ప్రశ్నించడం మనకి అలవాటు లేదు. మాటకి కోటు, టై తొడిగితే చాలు, సార్ అనేస్తాం.

అసలీ లైను బిల్లుల్లోకి ఎప్పుడొచ్చిందో మన బ్యాచ్ అందరికీ గుర్తుండాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్. నేనప్పుడు ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్తున్నా. దాదాపు రెండు నెలలు సెలూన్లన్నీ మూత. (మా నాన్న ఆన్‌లైన్‌లో ట్రిమ్మర్ తెప్పించి నా తల మీద చేసిన ప్రయోగం ఫొటోలు ఉన్నాయి, చూపించను.) తెలంగాణలో మే 19న మళ్ళీ తెరిచారు. అప్పుడు మాస్కు, గ్లవుజులు, పీపీఈ కిట్టు, ప్రతి మనిషికీ కొత్త ఏప్రాన్, కుర్చీకి కుర్చీకి మధ్య దూరం. నాలుగు కుర్చీల షాపులో రెండే నడిచాయి. రెండు నెలలు సంపాదన లేని మనిషి సగం కుర్చీలతో, రెట్టింపు ఖర్చుతో షాపు తెరిచాడు. ఆ రోజుల్లో యాభయ్యో వందో ఎక్కువ తీసుకున్నారంటే తప్పు పట్టడానికేం లేదు. ఖర్చు కళ్ళముందే కనిపించేది, కారణం కూడా అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ పీపీఈ కిట్లు లేవు, గ్లవుజులు లేవు, దూరాలూ లేవు. లైను మాత్రం ఉంది. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు.

మొన్న అక్టోబర్‌లో సిటీలో ఒక మాల్‌లోని పెద్ద చైన్ సెలూన్‌కి వెళ్ళాను. పేరెందుకులెండి. యాప్‌లో బుక్ చేసినప్పుడు హెయిర్‌కట్ 300 అని చూపించింది. కౌంటర్ దగ్గర బిల్లు: హెయిర్‌కట్ 300, హైజీన్ కిట్ 60, మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 18, వెరసి 378. గుర్తుంది కదా, సెలూన్ల మీద జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు ప్రకారం అదే 300 కటింగ్‌కి పన్నుతో కలిపి 354 అయ్యేది. అంటే పన్ను తగ్గాక నేను 24 రూపాయలు ఎక్కువ కట్టాను! వాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. 5 శాతం రేటులో షాపు వాళ్ళు కొన్న సామాను మీద, కట్టే అద్దె మీద పడిన పన్నుని వెనక్కి తీసుకునే వీలు లేదు. కాబట్టి తగ్గిన పన్ను మొత్తం మన జేబులోకి రావాలనడం కూడా న్యాయం కాదు. అలాగని దానికి హైజీన్ అని పేరు పెడితే ఎలా? 'మా ఖర్చు పెరిగింది, కటింగ్ ఇకమీద 360' అని యాప్‌లోనే పెట్టొచ్చుగా. పెట్టరు. పెడితే పక్క చైన్ వాడి 300 తక్కువగా కనిపిస్తుంది.

మన బ్రాంచి వాళ్ళకి దీని పేరు తెలిసే ఉండాలి, డ్రిప్ ప్రైసింగ్. మొదట తక్కువ ధర చూపించి, చివరి స్క్రీన్ దాకా తీసుకొచ్చి, చుక్కచుక్కగా మిగతాది కలపడం. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు 13 రకాలు జాబితా రాసింది, అందులో ఇదొకటి. మనం యూఐ ప్రాజెక్టుల్లో 'యూజర్‌ని తికమక పెట్టకూడదు' అని స్లైడ్ వేస్తాం. బయటికెళ్తే అదే తికమకకి డబ్బు కడతాం. రెస్టారెంట్ల విషయంలో కొంత గొడవ జరిగి తేలింది. బిల్లులో సర్వీస్ ఛార్జ్ వాళ్ళంతట వాళ్ళే కలపకూడదని అదే అథారిటీ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటని నిలబెట్టింది. అది హోటళ్ళకీ రెస్టారెంట్లకీ చెప్పింది. సెలూన్ల గురించి ఎవరూ కోర్టుకెళ్ళినట్టు లేదు. అరవై రూపాయలకి ఎవడు వెళ్తాడు?

ఇంకో సంగతి. ఇలాంటి లైను ఒకసారి బిల్లులోకి వచ్చిందంటే అది పెరుగుతుంది తప్ప పోదు. ఫుడ్ డెలివరీ యాప్‌ల ప్లాట్‌ఫారం ఫీ 2023లో 2 రూపాయలతో మొదలైంది. 2024 దీపావళికల్లా 10 అయింది. మన 20 కూడా వచ్చే ఏడాది 20గానే ఉంటుందని అనుకునేవాళ్ళకి నా నమస్కారం.

సరే, ఇక అసలు విషయానికొద్దాం. ఆ డబ్బుతో కొనే శుభ్రత ఏది?

చైన్ సెలూన్ వాళ్ళు ఇచ్చే కిట్ అంటే ఒక పల్చటి ఏప్రాన్, మెడ చుట్టూ ఒక పేపర్ పట్టీ, రెండు టిష్యూలు. ఆ ఏప్రాన్ చూడటానికి గుడ్డలా ఉంటుంది కానీ అదీ ప్లాస్టిక్కే. అరగంట తర్వాత చెత్తబుట్టలోకి పోతుంది. ఏప్రాన్ కొత్తదైతే బట్టల మీద వెంట్రుకలు పడవు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒంటికి తగిలే ప్రమాదం ఏప్రాన్‌లో ఉండదు. దువ్వెనలో, కత్తెరలో, మెషిన్ పళ్ళలో, ముఖ్యంగా బ్లేడులో ఉంటుంది. తామర ఉన్నవాడి తల మీద తిరిగిన మెషిన్ తుడవకుండా మన తల మీద తిరిగితే తామర మనకీ రావచ్చు. హాస్టల్లో అదెలా పాకుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు, ప్రతి వింగ్‌లోనూ ఆయింట్‌మెంట్ ట్యూబులు ఉన్నాయి. బ్లేడు సంగతి అంతకంటే పెద్దది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా, కనీసం 7 రోజులు బతుకుతుంది. హెపటైటిస్ సి కూడా రక్తంతోనే వస్తుంది, దానికైతే టీకా కూడా లేదు. గడ్డం గీసేటప్పుడు తెగిన చిన్న గాటు చాలు, రక్తం కనిపించాల్సిన పని కూడా లేదు.

అమ్మాయిల హాస్టల్ వైపు కూడా తేడా ఏం లేదట. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చెప్పింది. థ్రెడింగ్‌కి దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని చేసే పార్లర్లు ఇంకా ఉన్నాయి, వ్యాక్సింగ్‌కైతే ఒకే పుల్లని మళ్ళీ మళ్ళీ అదే డబ్బాలో ముంచుతారు. అక్కడా బిల్లులో 'డిస్పోజబుల్ కిట్' లైను ఉంటుంది. ఆ కిట్‌లో దారం గానీ పుల్ల గానీ ఉండవు.

నిజమైన శుభ్రత ఖర్చు కంటికి కనబడేది కాదు. దువ్వెనకి పట్టిన వెంట్రుకలు ముందు తీసేసి, సబ్బుతో కడిగి, ఆ తర్వాత మందులో నానబెట్టాలి. కడగకుండా నేరుగా ముంచితే మురికి కింద క్రిములు అలాగే ఉంటాయి. నానడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆదివారం పొద్దున్న ఎనిమిది మంది బెంచీ మీద కూర్చుని 'అన్నా, ఎంతసేపు' అంటుంటే ఆ నిమిషాలు ఎక్కడినుంచి తేవాలి? రెండో సెట్ ఉండాలి. ఒకటి నానుతుంటే ఇంకోటి చేతిలో ఉండాలి. కొన్ని షాపుల్లో నీలం లైటు వెలిగే చిన్న పెట్టె ఉంటుంది, అందులో కత్తెరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. యూవీ వెలుగు తగిలిన చోటే పని చేస్తుంది, నీడ పడిన వైపు ఏమీ కాదు. లైటు నీలంగా ఉన్నంత మాత్రాన అది క్రిముల్ని చంపే యూవీ అని కూడా కాదు. కస్టమర్‌కి మాత్రం భలే ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు మన క్యాంపస్ అన్నని ఖర్చు ఎంతవుతుందో అడిగాను. ఆయన మొదట నవ్వి, 'ఎందుకు తమ్ముడూ, షాపు పెడతావా' అన్నాడు. తర్వాత వేళ్ళ మీద లెక్క చెప్పాడు. అయిదు బ్లేడ్ల ప్యాకెట్ 15 రూపాయలు, ఒక్కో బ్లేడుని సగానికి విరుస్తారు కాబట్టి పది మందికి వస్తుంది. మనిషికి రూపాయిన్నర. మెడకి చుట్టే పేపరు ఒక రూపాయి. టవల్ ఉతకడానికి అయిదు. డెట్టాలు, స్పిరిట్టు కలిపి రెండు అనుకోండి. మొత్తం పది లోపే. రెండో మెషిన్, దువ్వెనలు, కత్తెరలు కలిపి నాలుగు వేలు అనుకున్నా, రోజుకి పాతిక కటింగులు, నెలకి ఇరవయ్యారు రోజులు లెక్కేస్తే ఏడాదికి 7,800 కటింగులు. మనిషికి యాభై పైసలు. నేను రెండుసార్లు లెక్క చూశాను.

'మరి ఇరవై ఎందుకన్నా?' అన్నాను. ఆయన కాసేపు కత్తెర ఆడిస్తూ ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. 2022లో కాంట్రాక్టు రాసినప్పటి నుంచి రేటు 80 దగ్గరే ఉంది. గది అద్దె రెండుసార్లు పెరిగింది, ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు పెరిగాయి. రేటు పెంచమంటే 'స్టూడెంట్స్ కదా, ఎలా పెంచుతాం' అంటారు. హైజీన్ అంటే ఎవరూ కాదనరని ఎవరో సలహా ఇచ్చారట.

ఇదీ సంగతి. ఇది హైజీన్ ఛార్జ్ కాదు, మారువేషంలో వచ్చిన రేటు పెంపు. నాకు కోపం రాలేదు, నిజానికి బాధేసింది. మాల్‌లో ఉన్నవాడు లాభం దాచుకోవడానికి ఆ పేరు వాడుతున్నాడు, మన అన్న కష్టానికి కూలి అడగలేక అదే పేరు వాడుతున్నాడు. మాల్‌లో 378 కట్టేటప్పుడు నోరెత్తని మనమే, గేటు బయట రోడ్డు పక్క షాపులో 'అన్నా, డెబ్బైకి చెయ్' అని బేరమాడతాం. ఈ పని చేసేవాళ్ళు ధర చెప్పడానికి వెనకాడటం ఈనాటిది కాదు. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో తాతల కాలంలో కటింగుకి ఇంత అని ధరే లేదు. ఏడాదంతా ఊరందరికీ క్షవరాలు చేస్తే పంట ఇంటికొచ్చాక ఇన్ని కుంచాల గింజలని కొలిచేవారు. ఎంత కొలుస్తారన్నది ఇచ్చేవాడి మనసు. నాయీబ్రాహ్మణులు గుడిలో నాదస్వరం వాయించారు, ఊళ్ళో వైద్యం చేశారు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు పురుళ్ళు పోశారు. ఇన్ని చేసినా, నోరు తెరిచి ఇంత కావాలని అడిగే హక్కు మాత్రం వాళ్ళకి లేదన్నట్టే చూశారు. ఇప్పుడు బోర్డు ఉంది, స్కానర్ ఉంది, కానీ 'మంగలి పనికి వందా?' అనే గొంతు మన హాస్టల్లోనే వింటున్నాం. ప్రభుత్వానికైనా కొంత అర్థమైంది, తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకి నెలకి 250 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. మనకి ఇరవై రూపాయల దగ్గర అర్థం కావట్లేదు.

ఇక 'ఆప్షనల్' అనే మాట. నాకు ఈ మొత్తం ఫారంలో ఎక్కువ ఇబ్బంది దీనితోనే. శుభ్రత అనేది నూనె మసాజ్ లాంటిది కాదు, కావాలంటే తీసుకుని వద్దంటే మానేయడానికి. నాకు ముందు కుర్చీలో కూర్చున్నవాడు '20 వద్దు' అన్నాడనుకోండి. అతనికి వాడిన దువ్వెన కడగలేదు. తర్వాత నేను కూర్చుని 20 కట్టాను. ఇప్పుడు నాకోసం కడుగుతారా, అతను కట్టనందుకు కడగరా? కడిగితే, కట్టనివాడి మురికికి నేను డబ్బు కట్టినట్టు. కడగకపోతే నేను దేనికి కట్టినట్టు? నా తల మీద వాడిన మెషిన్ శుభ్రం చేస్తే లాభపడేది నేను కాదు, నా తర్వాత కూర్చునేవాడు. నన్ను కాపాడేది నా ముందువాడి ఇరవై. ఇలాంటిదాన్ని మనిషి మనిషికీ విడదీసి 'నీ ఇష్టం' అంటే ఎవడూ కట్టడు, చివరికి అందరం ఒకే దువ్వెన కింద ఉంటాం. తిలా పాపం తలా పిడికెడు.

తిరుమల కల్యాణకట్ట చూడండి. రోజూ వేలమంది తలలు గీయించుకునే చోటు. అక్కడ 'హైజీన్ ఇష్టమైతే' అంటే ఏమవుతుందో ఊహించండి. గుండు ఉచితం, టోకెన్‌తో పాటు బ్లేడూ వాళ్ళే ఇస్తారు, మన కళ్ళముందే వేస్తారు. ఖర్చు లేక కాదు. తలనీలాలు వేలం వేస్తే దేవస్థానానికి ఏడాదికి వంద కోట్లకు పైనే వస్తుంది. మన జుట్టుకి అంత సీన్ లేదు, అది వేరే విషయం. నేను చెప్పేది ఏంటంటే, అక్కడ బ్లేడు కావాలా వద్దా అని ఎవర్నీ అడగరు.

మా రూమ్మేట్ ఒక అభ్యంతరం చెప్పాడు, అది కొట్టిపారేసేది కాదు. 'విడిగా రాస్తేనే కదా దేనికి ఎంతో తెలిసేది? కలిపేస్తే ఆ ఇరవై జేబులో వేసుకుని దువ్వెన కడగకపోతే?' అన్నాడు. విడిగా రాసినా కడగకపోవచ్చు, బిల్లు మీద ఉన్న లైను దువ్వెనని కడగదు. దానికి మందు కాంట్రాక్టులో ఉంది. కొత్త బ్లేడు మన ముందే విప్పాలి, రెండు సెట్ల సామాను ఉండాలి, ఒకసారి వాడిన టవల్ ఉతక్కుండా ఇంకొకరికి వేయకూడదు అని అందులో రాయించాలి. నెలకోసారి మెస్ కమిటీ వంటగది చూసినట్టే ఇదీ చూడాలి. మెస్‌లో సాంబారు బకెట్ కడిగారా లేదా అని మనం విడిగా డబ్బు కట్టి తెలుసుకోవట్లేదు.

ఇంకొకడు అన్నది మాత్రం నన్ను ఆపింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్ళకి నెలకి ఇరవై కూడా లెక్కే అన్నాడు. నిజమే. అయితే మొదటి ఆప్షన్‌లో వాడికి దొరికేది చవక కటింగ్ కాదు, కడగని దువ్వెన. డబ్బున్నవాడికి కొత్త బ్లేడు, లేనివాడికి పాత బ్లేడు అని బోర్డు మీద రాయడానికి మనం ఒప్పుకుంటామా? నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్ళకి నెలకో కటింగ్ కూపన్ హాస్టల్ ఫండ్ నుంచి ఇవ్వొచ్చు. ఫెస్ట్‌లో డీజేకి అయ్యే ఖర్చులో అదెంత?

కమిటీకి నేను ఈ మాటలన్నీ మెయిల్ చేశాను, కాంట్రాక్టులో రెండో సెట్ షరతు పెట్టే విషయం చర్చిస్తామన్నారు. ఫారం శుక్రవారం సాయంత్రం ఆరింటి దాకా తెరిచే ఉంటుంది. ఇప్పటికే మొదటిదానికి టిక్ పెట్టినవాళ్ళకి కూడా ఎడిట్ రెస్పాన్స్ ఆప్షన్ ఉంది, చూశాను, పని చేస్తోంది.